వాడు అలా ఎందుకు చేస్తాడు?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి లెక్కలు విన్నాం. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత, ఏ ఊళ్లో రికవరీ ఎంత అని. నాకు ఇచ్చిన అంశం మాత్రం మన ఏ రిజిస్టర్లోనూ రాయని లెక్క. ఆడవాళ్ల మీద, పిల్లల మీద లైంగిక నేరం చేసేవాడి మనసులో ఏం జరుగుతుంది, వాడు అలా ఎందుకు చేస్తాడు అన్నది మాట్లాడమన్నారు.

"ఇలాంటివి మైకులో మాట్లాడతారా?" అని కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు. సారా గురించి కూడా ఒకప్పుడు ఆడవాళ్లకెందుకు అన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మాట్లాడటం మొదలుపెట్టారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. మనం నోరు విప్పకపోతే ఏ సమస్యా దానంతట అది పోదు. కాబట్టి ఈ అరగంట సిగ్గు పక్కన పెట్టి విందాం.

మనం అనే మూడు మాటలు

ఊళ్లో ఒక ఘోరం జరిగిందని తెలియగానే మనం సాధారణంగా మూడు మాటల్లో ఒకటి అంటాం. "వాడు మనిషి కాదు, మృగం." లేదా "తాగిన మైకంలో చేశాడు." లేదా "మగాడు, ఆపుకోలేకపోయాడు. ఈ పిల్లకైనా జాగ్రత్త ఉండొద్దా?"

ఈ మూడు మాటలూ మనం కోపంతోనో బాధతోనో అనేవే. కానీ మూడింటిలోనూ ఒక కారణం చెప్తున్నాం. జబ్బుకు కారణం తప్పు పడితే మందూ తప్పే పడుతుంది. అందుకని ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

మొదటిది, మృగం, పిచ్చోడు అన్న మాట. ఈ మాట నమ్మితే మనం ఎవరి మీద కన్నేసి ఉంచుతాం? ఊరికి కొత్తగా వచ్చినవాడి మీద, చింపిరి జుట్టువాడి మీద, రోడ్డు మీద ఒంటరిగా మాట్లాడుకునేవాడి మీద. కానీ మన దేశంలో ఇటీవలి ఏళ్ల పోలీసుల లెక్కలు తీస్తే, నమోదైన అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. ఇరుగుపొరుగువాడు, చుట్టం, స్నేహితుడు, పని ఇచ్చినవాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక నివేదిక ఇచ్చింది. అందులో 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు జరిగిందని చెప్పారు. చేసినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకస్తులు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇంకో సంగతి. అలా చెప్పిన పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలు. మగపిల్లాడికేం అవుతుందిలే అని మనం అనుకుంటాం కదా, ఆ అంకె గుర్తుపెట్టుకోండి.

మతి స్థిమితం లేనివాళ్లు ఇలాంటి నేరాలు చేయడం చాలా తక్కువ. నిజానికి అలాంటి జబ్బు ఉన్న ఆడవాళ్లే ఎక్కువగా ఈ నేరాలకు బలవుతుంటారు. చిన్నపిల్లల మీద లైంగిక ఆకర్షణ కలిగే మానసిక స్థితి ఒకటుంది, దాన్ని డాక్టర్లు పీడోఫీలియా అంటారు. కానీ పిల్లల మీద నేరం చేసినవాళ్లందరికీ అది ఉండదు. అది ఉన్నవాళ్లందరూ నేరం చేయరు. జర్మనీలో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రివాళ్లు 2005లో ఒక పని మొదలుపెట్టారు. ఇలాంటి ఆలోచనలు వస్తున్నాయని భయపడేవాళ్లు, ఏమీ చేయకముందే, పేరు బయటపడకుండా వచ్చి వైద్యం తీసుకోవచ్చు అన్నారు. మగవాళ్లు తమంతట తాము వచ్చారు. అంటే ఆలోచన వేరు, చేయడం వేరు. రెంటి మధ్య మనిషి ఆగగలడు.

రెండోది, తాగుడు. తాగుడు తక్కువ కీడేమీ కాదు, ఆ సంగతి ఈ సభలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ మన ఊళ్లల్లో ఎంతమంది తాగుతారు? వాళ్లలో ఎంతమంది ఈ పని చేస్తారు? తాగుడు బ్రేకును వదులు చేస్తుంది. బండిని ఆ దారిలోకి తిప్పింది మాత్రం తాగుడు కాదు.

మూడోది, ఆపుకోలేకపోవడం. ఇది అన్నింటికంటే ప్రమాదం. "ముల్లు వెళ్లి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా నష్టం ఆకుకే" అని ఆడపిల్లలకు చెప్తూ వస్తున్నాం. ఆ సామెతలో మగాణ్ని ముల్లు చేశాం. ముల్లుకు మనసు లేదు, గుచ్చడం దాని గుణం. మగాడు ముల్లు కాదమ్మా, మనిషి. ఆలోచించి చూడండి. ఆపుకోలేనివాడైతే పోలీస్ స్టేషన్ ముందు ఎందుకు చేయడు? పదిమంది ఉన్న చోట ఎందుకు చేయడు? ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్ల పిల్ల జోలికి వెళ్లడానికి ఎందుకు జంకుతాడు? ఎవరూ లేని వేళ చూసుకుంటాడు. చెప్పుకోలేని పిల్లను, చెప్పినా ఎవరూ నమ్మరనుకున్న పిల్లను చూసుకుంటాడు. తండ్రి లేని పిల్ల, మాటలు రాని పిల్ల, పేదింటి పిల్ల, వాడు తక్కువ కులం అనుకునే ఇంటి పిల్ల. వేళ, చోటు, మనిషి అన్నీ ఎంచుకున్నవాడు ఆపుకోలేనివాడు ఎలా అవుతాడు?

ఈ మూడో మాట నమ్మితే మనం వేసే మందేంటో తెలుసా? పిల్లను బడి మాన్పించడం. పదహారు నిండకుండానే పెళ్లి చూపులు. ఫోను లాక్కోవడం, సాయంత్రం బయటకు పంపకపోవడం. చేసినవాడు ఊళ్లో తిరుగుతాడు, పిల్ల ఇంట్లో బందీ అవుతుంది. అందుకే వాడు ఎందుకు చేశాడన్నది చదువుకున్నవాళ్ల ముచ్చట కాదు. మన ఆడపిల్ల పదో తరగతి పరీక్ష రాస్తుందా లేదా అన్నది దాని మీద ఆధారపడి ఉంది.

నాలుగు గడపలు

అమెరికాలో డేవిడ్ ఫింకెల్‌హార్ అనే ఆయన పిల్లల మీద జరిగే లైంగిక నేరాలను చాలా ఏళ్లు పరిశీలించి 1984లో ఒక సంగతి చెప్పాడు. నేరం ఒక్కసారిగా జరిగిపోదు, చేసేవాడు నాలుగు అడ్డంకులు దాటాలి అన్నాడు. మనకు అర్థమయ్యేలా వాటిని నాలుగు గడపలు అనుకుందాం. పెద్దవాళ్ల మీద జరిగే నేరాలను అర్థం చేసుకోవడానికీ ఈ లెక్క చాలావరకు పనికొస్తుంది.

మొదటి గడప: వాడికి చేయాలనిపించడం. అది ఎక్కడి నుంచి పుడుతుంది?

కామం ఒక్కటే అనుకుంటాం. నికొలస్ గ్రోత్ అనే మానసిక శాస్త్రవేత్త అత్యాచారం చేసిన 500 మందికి పైగా మగవాళ్లతో పనిచేసి 1979లో పుస్తకం రాశాడు. వాళ్లలో పెళ్లయి భార్యతో కాపురం చేస్తున్నవాళ్లూ ఉన్నారు. చాలామందిని నడిపించింది పెత్తనం చూపించుకోవాలన్న ఆత్రం, లేదా కసి. బయట తల ఎత్తుకోలేనివాడు తనకంటే బలహీనురాలి మీద మగతనం చూపించుకుంటాడు. ఒక ఆడమనిషి మీది కోపం ఇంకో ఆడమనిషి మీద తీర్చుకుంటాడు. కొద్దిమంది మాత్రం ఎదుటి మనిషి బాధే ఆనందంగా చేస్తారు. తర్వాత వచ్చిన పరిశోధకులు, కామం అసలు లేదనలేం, కానీ పెత్తనం, కసి, కామం కలగలిసి ఉంటాయి అన్నారు.

2013లో ఐక్యరాజ్యసమితి సంస్థలు బంగ్లాదేశ్, శ్రీలంక, చైనా, కంబోడియా, ఇండోనేషియా, పాపువా న్యూగినీ దేశాల్లో 10 వేల మందికి పైగా మగవాళ్లను అడిగి ఒక నివేదిక ఇచ్చాయి. మన దేశం అందులో లేదు. కానీ అందులో మన పొరుగు దేశాలున్నాయి, వాళ్ల ఇళ్లూ మన ఇళ్లలాంటివే. అత్యాచారం అనే మాట వాడకుండా, ఆమెకు ఇష్టం లేకుండా బలవంతం చేశావా అని అడిగారు. భార్యను గానీ వేరే ఆడమనిషిని గానీ బలవంతం చేశామని దాదాపు నాలుగోవంతు మంది ఒప్పుకున్నారు. ఎందుకు చేశావంటే, ఒక్కొక్కరు ఒకటి కంటే ఎక్కువ కారణాలు చెప్పారు. నాకు కావాలనిపించింది, నాకు హక్కుంది అన్న ధోరణిలో చెప్పినవాళ్లు 73 శాతం. సరదాకు, ఊసుపోక అన్నవాళ్లు 59 శాతం. కోపంతో, బుద్ధి చెప్పడానికి అన్నవాళ్లు 38 శాతం. తాగుడు అన్నవాళ్లు 27 శాతం, అన్నింటికంటే తక్కువ. తాగుడు వల్ల అని వాళ్లకంటే మనమే ఎక్కువ చెప్తున్నాం.

హక్కు అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఈ హక్కు వాడు ఎక్కడ నేర్చుకున్నాడు? అన్నం పెట్టేటప్పుడు మొదటి వడ్డన ఎవరికి? చెల్లెలు వద్దంటున్నా జడ పట్టుకు లాగితే "మగపిల్లాడు, ఆడుకుంటున్నాడులే" అన్నది ఎవరు? సినిమాలో హీరో వద్దన్న అమ్మాయి వెంట పడి పడి చివరికి ఔననిపిస్తే చప్పట్లు కొట్టింది ఎవరు? భార్య వద్దన్నా భర్తకు హక్కే అన్న మాట మన ఇళ్లల్లో లేదా? పద్దెనిమిదేళ్లు దాటిన భార్యను భర్త బలవంతం చేస్తే మన చట్టం ఇంకా అత్యాచారం అనడం లేదు. గృహహింస చట్టం కింద మాత్రం అది హింసే. "నీకు కావాలనిపిస్తే చాలు, ఆమెకు ఇష్టమా అని అడగక్కర్లేదు" అని ఇరవై ఏళ్లు నేర్పి, ఇరవై ఒకటో ఏట ఒక పిల్ల దగ్గర మాత్రం ఆగిపోవాలంటే ఎలా?

చిన్నప్పుడు వాడికీ జరిగి ఉంటుంది, అందుకే చేశాడు అని కొందరంటారు. నేరం చేసినవాళ్లలో చిన్నప్పుడు వేధింపుకు గురైనవాళ్లు మామూలు జనంలో కంటే ఎక్కువే. కానీ వేధింపుకు గురైన పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక ఎవరికీ హాని చేయరు. అంత ఎందుకు, వేధింపుకు గురైన ఆడపిల్లలు లక్షల మంది ఉన్నారు, ఇలాంటి నేరం చేసే ఆడవాళ్లు ఎంతమంది? దెబ్బ ఒక్కటే మనిషిని నేరస్తుణ్ని చేయదు. ఇంట్లో రోజూ కొట్లాటలు చూడటం, పట్టించుకునే పెద్దదిక్కు లేకపోవడం, ఏడిస్తే ఆడంగి అని ఎగతాళి చేయడం, బాధను కోపంగా మార్చుకోవడం తప్ప వేరే దారి చూపించకపోవడం, ఇవన్నీ కలిస్తే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి వేధింపుకు గురైన మగపిల్లాణ్ని అనుమానంగా చూడకండి. దగ్గరకు తీసుకోండి.

రెండో గడప: మనస్సాక్షి. తప్పు అని వాడికీ తెలుసు. అందుకే దాటడానికి సాకులు చెప్పుకుంటాడు. "అరవలేదు కాబట్టి ఇష్టమే." "చిన్నపిల్ల, రెండ్రోజుల్లో మర్చిపోతుంది." "దానికి ముందే అలవాటు." "నేను పెట్టి పోషిస్తున్నా." "అలాంటి బట్టలు వేసుకుంటే మరి?" జైళ్లల్లో వీళ్లతో పనిచేసే మానసిక వైద్యులు ఏ దేశంలో విన్నా ఇలాంటి సాకులే విన్నారు. చికిత్సలో మొదటి పని ఈ సాకులను ఒక్కొక్కటిగా పగలగొట్టడం. కానీ ఈ మాటలు వాడు కొత్తగా కనిపెట్టాడా? నీళ్ల ట్యాంకు దగ్గర, ఆటోలో, ఒక్కోసారి మన సంఘం మీటింగులోనే మనం అన్న మాటలివి. "తిరిగి ఆడది చెడింది" అని సామెత చెప్పినప్పుడల్లా ఎక్కడో ఒకడికి ఒక సాకు అందించినట్టే.

నలుగురైదుగురు కుర్రాళ్లు కలిసి చేసినప్పుడు ఈ గడప ఇంకా తేలిక. వాడు చేశాడు కదా అని వీడు, వీడు నవ్వాడు కదా అని ఇంకొకడు. ఒక్కడుగా ఉంటే వెనక్కి తగ్గేవాడు గుంపులో పిరికివాడనిపించుకోవడానికి ఇష్టపడడు. సెల్‌ఫోన్‌లో చూసే బూతు వీడియోల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అవి చూసిన ప్రతివాడూ నేరం చేయడు. కానీ ముందే ఆడవాళ్ల మీద కసి ఉన్నవాడికి హింసతో కూడిన వీడియోలు ఆజ్యం పోస్తాయి. పదమూడేళ్ల పిల్లాడికి ఆడమగ సంబంధం గురించి మనం ఒక్క మాటా చెప్పకపోతే, వాడి మొదటి పంతులు ఆ ఫోనే అవుతుంది.

మూడో గడప: బయటి కాపలా. అమ్మ ఉంది, పక్కింటివాళ్లు ఉన్నారు, ఎవరైనా చూస్తారు అన్న అడ్డు. దాన్ని దాటడానికి వాడు మచ్చిక చేసుకుంటాడు. ముందు ఇంటివాళ్లను. అవసరానికి చేబదులిస్తాడు, పిల్లను బండి మీద బడికి దింపుతాడు, "మీరు పనికి వెళ్లండక్కా, నేను చూసుకుంటాలే" అంటాడు. తర్వాత పిల్లను. చాక్లెట్, ఫోనులో ఆటలు, చక్కిలిగింతలు, "ఇది మనిద్దరికే తెలిసిన రహస్యం" అనే మాట. చిన్న రహస్యం ఇచ్చి పిల్ల ఇంట్లో చెప్తుందో లేదో చూస్తాడు. చెప్పలేదంటే ఇంకో అడుగు వేస్తాడు. సాయం చేసేవాళ్లందరినీ అనుమానించమని చెప్పడం లేదు. కానీ పెద్దవాడు పిల్లతో దాపరికం పెట్టుకున్నాడంటే అక్కడ ఆగి చూడాలి.

నాలుగో గడప: పిల్ల ఎదిరించడం. బెదిరిస్తాడు, లంచం ఇస్తాడు, నీ మాట ఎవరూ నమ్మరంటాడు, అమ్మకు చెప్తే అమ్మ చచ్చిపోతుందంటాడు. ఇంకో సంగతి మనందరం తెలుసుకోవాలి. భయంకరమైనది జరిగేటప్పుడు శరీరం కొయ్యబారిపోతుంది. నోరు పెగలదు, చెయ్యి లేవదు. పెద్దవాళ్లకూ అంతే. అది ఒప్పుకోవడం కాదు. 2013లో మార్చిన చట్టం కూడా ఆ మాటే చెప్పింది. ఒంటితో ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఆమె ఒప్పుకుందని అనుకోకూడదు. కాబట్టి "అరవొచ్చు కదా" అని ఏ పిల్లనూ అడగొద్దు.

నాలుగు గడపలు చెప్పాను కదా అని, ఏదో ఒకటి మూయనందుకు తప్పు తల్లిది అనుకోకండి. తలుపు తీసి ఉన్నా దొంగతనం దొంగదే. నేరం పూర్తిగా చేసినవాడిది. పనికి వెళ్లిన తల్లిది కాదు, నోరు పెగలని పిల్లది అసలే కాదు. మనం మాట్లాడేది, ఆ గడపలు ఇంకొంచెం ఎత్తు చేయగలమా అని.

రాజీ చేస్తే వాడు ఏం నేర్చుకుంటాడు?

ఘోరం జరిగాక మన ఊళ్లల్లో ఏం చేస్తారో మీకు తెలుసు. రాత్రికి రాత్రి పెద్దమనుషులు కూర్చుంటారు. "కేసైతే పిల్ల బతుకు అల్లరవుతుంది" అంటారు. ఇంత డబ్బు అని తేలుస్తారు. లేదా వాడికే ఇచ్చి పెళ్లి చేయమంటారు. ఇంకో ఊళ్లో అమ్మాయిని చూసి పెళ్లి చేస్తే దారికొస్తాడు అంటారు. కొన్నిచోట్ల ఆ పంచాయితీలో మన సంఘం నాయకురాళ్లనూ కూర్చోబెడతారు, ఆడవాళ్లు కూడా ఒప్పుకున్నారని చెప్పుకోవడానికి.

వాడి మనసు వైపు నుంచి చూడండి. వాడు నేర్చుకున్న పాఠం ఏంటి? ఈ పనికి ఒక ధర ఉంది, కట్టేస్తే అయిపోతుంది. రెండో గడపను ఊరే పడగొట్టేసింది. పెళ్లి మందు కాదు. పెత్తనం కోసం చేసినవాడికి భార్య రూపంలో ఇంకొక బలిని ఇచ్చినట్టు. 2015లో మధ్యప్రదేశ్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది, అత్యాచారం కేసులో రాజీ, పెళ్లి అనే ఆలోచనకే చోటు లేదని.

శిక్ష పడ్డవాళ్లు మళ్లీ చేస్తారా అని అడుగుతారు. 1998లో పరిశోధకులు వివిధ దేశాల్లోని 61 అధ్యయనాలు కలిపి చూస్తే, నాలుగైదేళ్లలో మళ్లీ లైంగిక నేరం చేసి దొరికినవాళ్లు నూటికి 13 మంది. దొరకనివాళ్లు ఈ లెక్కలో లేరు. అయినా దీన్ని బట్టి రెండు సంగతులు తెలుస్తాయి. అందరూ మారని రాక్షసులు కాదు. కొందరు మాత్రం చాలా ప్రమాదం, వాళ్లను గుర్తించి కనిపెట్టి ఉండాలి. ఆ పని చేయాలంటే ముందు కేసు నమోదవ్వాలి. రాజీ చేస్తే వాడు ఏ లెక్కలోకీ రాడు.

పిల్లల విషయంలో చట్టం ఇంకా స్పష్టం. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. అంటే రాజీ పంచాయితీలో కూర్చున్న పెద్దమనిషికి, కూర్చున్న మనకు కూడా. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద మాత్రం కేసు పెట్టడానికి వీల్లేదు. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, పోలీసులు యూనిఫాంలో రాకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి. పిల్లను రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. బాధితురాలి పేరు, ఫోటో బయటపెట్టడం నేరం. మన వాట్సాప్ గ్రూపులో పెట్టినా నేరమే.

అది మన కొడుకే అయితే

ఈ మాట అడగడానికి నాకూ కష్టంగానే ఉంది. ఇక్కడున్న మనందరం ఆడపిల్లల తల్లులమే కాదు, మగపిల్లల తల్లులం కూడా. ఇందాక చెప్పిన ఆరు దేశాల అధ్యయనంలో, అత్యాచారం చేశామని ఒప్పుకున్నవాళ్లలో సుమారు సగం మంది మొదటిసారి చేసింది ఇరవై ఏళ్లలోపే. అంటే అమ్మ వండిపెట్టిన అన్నం తిని బడికో కాలేజీకో వెళ్లే వయసులో.

మీ అబ్బాయి చిన్నపిల్లలతో తలుపులేసుకుంటున్నాడనో, ఒక అమ్మాయిని వెంటాడుతున్నాడనో, ఫోనులో ఒకరి ఫోటోలు దొంగచాటుగా తీశాడనో తెలిస్తే కప్పిపెట్టకండి. కొట్టి వదిలేయకండి కూడా. కొడితే దొరక్కుండా చేయడం నేర్చుకుంటాడు. చేసింది తప్పని, ఎవరికి ఎంత బాధ కలిగిందో కూర్చోబెట్టి చెప్పండి. ఆ పిల్ల దగ్గరకు వాడు వెళ్లకుండా చూడండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ని కలవండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే, డబ్బులు లేకుండా మాట్లాడతారు. కుర్రవయసులో మార్పు పెద్దవాళ్లకంటే తొందరగా వస్తుంది. కానీ నేరమే జరిగి ఉంటే చట్టం దాటి కొడుకును కాపాడుకోవడం కాపాడటం కాదు. పద్దెనిమిది నిండనివాళ్లకు వేరే చట్టం, వేరే బోర్డు ఉన్నాయి.

ఈ సభలో మనం తేల్చుకోవాల్సింది

అప్పు తీసుకునేటప్పుడు తీర్మానం రాసి అందరం సంతకాలు పెడతాం. అలాగే ఈ విషయంలోనూ నాలుగు తీర్మానాలు ప్రతి గ్రామ సమాఖ్య మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలని కోరుతున్నాను.

ఒకటి. లైంగిక నేరాల్లో రాజీ పంచాయితీకి సంఘం సభ్యురాలు ఎవరూ కూర్చోరు. పిలిస్తే, పిల్ల తల్లి పక్కన నిలబడి స్టేషన్‌కు తోడు వెళ్తాం.

రెండు. పిల్ల చెప్పినప్పుడు మొదట అనే మాట "నిన్ను నమ్ముతున్నాను, తప్పు నీది కాదు" అన్నదే. ఎందుకెళ్లావు, ఏం వేసుకున్నావు అని అడగం. జరిగినందుకు శిక్షగా ఏ ఆడపిల్లనూ బడి మాన్పించం, పెళ్లి చేయం.

మూడు. నెలకు ఒక మీటింగులో పదిహేను నిమిషాలు పిల్లల భద్రతకు. అంగన్‌వాడీ టీచరును, సచివాలయం మహిళా పోలీసును పిలుద్దాం. పిల్లలకు చెప్పాల్సినవి మూడే: ఒంటిని ముట్టుకుంటే వద్దనే హక్కు నీకుంది, పెద్దవాళ్లు దాచమన్న రహస్యం ఇంట్లో చెప్పేయాలి, మొదటి మనిషి నమ్మకపోతే ఇంకో మనిషికి చెప్పాలి. పిల్లలకు 1098, ఆడవాళ్లకు 181, అత్యవసరానికి 112. ఈ మూడు నంబర్లు ప్రతి సంఘం పాసుపుస్తకం అట్ట మీద రాయించండి.

నాలుగు. మగపిల్లలకు ఇంట్లోనే నేర్పుదాం. చెల్లెలు వద్దంటే ఆగాలి, అమ్మాయి వద్దంటే అది వద్దే. వాడి చేత అన్నం గిన్నె కడిగించడం దగ్గర నుంచి మొదలుపెట్టండి. ఏడిస్తే ఏడవనివ్వండి. తండ్రులతో కూడా ఈ మాట చెప్పించండి, తల్లి చెప్తే సగమే చేరుతుంది.

వడ్డీ లెక్క ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి పన్నెండైనా కూర్చుని సరిచేసే ఆడవాళ్లం మనం. ఇక్కడ కారణం లెక్క ఇన్నాళ్లూ తప్పుగా వేశాం, ఆ వడ్డీ మన పిల్లలు కట్టారు. ఆ లెక్క సరిచేసే పని ఈ వారం మీ మీ గ్రామ సమాఖ్య మీటింగులో మొదలుపెట్టండి. తీర్మానం కాపీలు వచ్చే నెల సమాఖ్య కార్యాలయానికి పంపండి.